షుగర్ లేని షుగర్ సారు

మొన్న మారేడ్‌పల్లి నుంచి ఒక మేడమ్ కారు సీటు కవర్లు మార్పించుకోవడానికి మా కొట్టుకు వచ్చింది. కారు పాతదే, మేడమే కొత్తగా ఉంది. పోయినసారి చూసిన మనిషిలో సగం లేదు.

"ఏంది మేడమ్, గిట్లయిపోయిండ్రు? పాణం బాగలేదా?" అన్నాను.

ఆమె మురిసిపోయి, మంచి చీరల కొట్టు అడ్రసు చెప్తున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది. "షుగర్ వాళ్ళ ఇంజెక్షన్ ఒకటొచ్చింది బాబూ. వారానికొకటి. ఆకలన్నదే ఉండదు."

"మీకు షుగరుందా మరి?"

"ఛీ, నాకెందుకుంటుంది!"

షుగర్ లేకుండా షుగర్ సూది వేసుకున్న మనిషిని చూడడం నాకిది మొదటిసారి కాదు. ఈ మేడమ్ కంటే ముందే మా మెట్టుగూడలో ఒకాయన వేసుకున్నాడు. ఈమె సూది వేసుకుంటున్నానని చెప్పుకుంటుంది, షుగర్ మాత్రం లేదంటుంది. ఆయన లేని షుగర్ ఉందని చెప్పుకుని, ఉన్నది దాచాడు. ఆ కవర్లు కుడుతున్నంతసేపూ ఆయనే కళ్ళముందు తిరిగాడు. ఒక కుట్టు వంకర పోయింది కూడా. మేడమ్ అద్దంలో తనను చూసుకునే పనిలో ఉంది కాబట్టి బతికిపోయాను.

ఆయన మా చర్చి మిషన్ బడిలో డ్రిల్లు మాస్టారు. నేను ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టినవాణ్ణి. ఆ ఎనిమిదేళ్ళలో నేను మనసుపెట్టి హాజరైన పీరియడ్ ఆయనది ఒక్కటే. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. ఆయన ఇక్కడే పుట్టినా మాట మాత్రం కృష్ణ ఒడ్డున వదిలి రాలేదు. నన్ను పేరుతో పిలిచేవాడు కాదు. "ఒరేయ్ ఎనిమిదీ" అనేవాడు. ఎందుకు సార్ అంటే, "నీకున్న డిగ్రీ అదేగా" అనేవాడు.

ఆయన్ని తలచుకుంటే ముఖం కంటే ముందు రెండు వేళ్ళు గుర్తొస్తాయి. ఎవరైనా వంగి నిలబడితే ఆయన చూడలేడు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చి, రెండు భుజాల మధ్య రెండు వేళ్ళు ఆనించి, "నిటారు" అనేవాడు. అంతే, ఒక్క మాట. మా బడి పిల్లలకే కాదు, నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందె పట్టుకున్న ఆడవాళ్ళకూ, పెళ్ళిపీట మీద పెళ్ళికొడుక్కీ, ప్రసంగం మధ్యలో పాస్టరుగారికీ అదే మందు. ఒకసారి బస్సులో ముందు నిలబడ్డ పోలీసాయనకు వేళ్ళు ఆనించాడు. పోలీసాయన టక్కున నిటారుగా అయిపోయి, తర్వాత తను పోలీసునని గుర్తు తెచ్చుకుని వెనక్కి తిరిగాడు. సారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఇష్టం లేని ప్రశ్న అడిగితే ఒకటే జవాబు. "అది వేరే పీరియడ్." జీతం పెరిగిందా సార్? వేరే పీరియడ్. ఇంట్ల ఆంటీకి కోపమొచ్చిందంట గద? వేరే పీరియడ్. ఆ వేరే పీరియడ్ ఏ టైంటేబుల్‌లోనూ ఉండేది కాదు.

ఇక తిండి. చర్చి విందుల్లో ఆయన పక్కన కూర్చోవడానికి జనం జంకేవారు, వడ్డించేవాళ్ళు అక్కడే ఆగిపోయి తమ వరకూ రారని. మా బడి హాస్టల్లో వంట చేసిన పెద్దమ్మ ఒకావిడ ఉండేది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. "మాస్టారు తింటుంటే నాకు బలమొస్తది" అని ఆవిడ తన వాటా కూడా ఆయన పళ్ళెంలోనే వేసేది. ఆయన కాదనేవాడు కాదు. ఒకళ్ళకు బలమొస్తుంటే ఎవరు మాత్రం అడ్డుపడతారు!

ఇంత నిటారు మనిషి రిటైరయ్యాక ఒక క్రిస్మస్ నెలలో ఇంటి మీద నక్షత్రం కడుతూ స్టూలు మీంచి పడ్డాడు. నక్షత్రానికి ఏమీ కాలేదు, సారు నడుములో ఏదో జారింది. డాక్టరు నొప్పికి బిళ్ళలు రాశాడు, కొద్ది రోజులు వాడి ఆపెయ్యమన్నాడు. ఆ బిళ్ళలు నల్లమందుకు తమ్ముడి వరస. తమ్ముడే కదా, అంత గట్టివాడు కాడులే అని మనలాంటివాళ్ళం అనుకుంటాం. బిళ్ళ వేసుకున్న గంటకు సారు మళ్ళీ నిటారు. నడుము నొప్పి కొన్నాళ్ళకు పోయింది, బిళ్ళ మాత్రం పోలేదు. ఆపిన రోజు చెమటలు, ముక్కు కారడం, కాళ్ళు నిలవకపోవడం. అదేదో మజా అనుకునేవాళ్ళకు చెప్తున్నాను, మజా ఎప్పుడో అయిపోతుంది. మామూలు మనిషిలా కనిపించడానికే బిళ్ళ కావాలి.

అప్పుడే ఆయన సాయంత్రం నడక మొదలుపెట్టాడు. ఒకరోజు లాలాగూడ వైపు, ఒకరోజు మారేడ్‌పల్లి వైపు. "ఈ వయసులో ఎంత క్రమశిక్షణ!" అని కాలనీ అంతా మెచ్చుకుంది. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు బూట్లు కొనుక్కున్నారు. ఆయన వెతుక్కుంటున్నది ఆరోగ్యం కాదని, డాక్టరు చీటీ అడగని మందుల షాపునని ఎవరికి తెలుసు? నాకూ తెలియదు. నాకు తెలిసిందల్లా, వంగి కూర్చుని సీటు కుట్టే నా వీపు మీద వేళ్ళు పడడం ఆగిపోయిందని. కొట్టు ముందు నుంచే వెళ్ళేవాడు, నన్ను దాటుకుని, చూపు ఎక్కడో పెట్టుకుని.

ఒకరోజు ఆంటీ, అంటే సారు భార్య, ఆయన్ని వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చింది. ఏదో ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరైన మనిషి, మాటలు కొలిచి వాడుతుంది. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. సారు నా కుట్టుమిషన్ను చూస్తూ కూర్చున్నాడు.

"వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నీ స్కూటర్ మీద తీసుకెళ్ళు" అంది.

"చర్చిలో అందరికి కార్లున్నయ్ గద ఆంటీ?"

"వాళ్ళ కారెక్కితే ఆదివారం ప్రార్థనలో పేరు చదువుతారు."

"నాకుసుత నోరాగదని ఊరంతటికి ఎరుకే గద!"

"నువ్వు చెప్పింది ఎవరూ నిజం అనుకోరుగా, అందుకే నీ దగ్గరికొచ్చాను."

నా గురించి ఇంత నమ్మకంగా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. ఒప్పుకున్నాను.

ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ. బిళ్ళల అలవాటు మాన్పించడానికి ముందు నాలుక కింద పెట్టుకునే వేరే మాత్ర ఒకటి మొదలుపెట్టింది. అది మింగకూడదు, మెల్లగా కరగాలి, కరిగేదాకా మాట్లాడకూడదు. సారు ఒంట్లో చెమటలు, వణుకు తగ్గాయి. తర్వాత ఒకరోజు ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇంకో సంగతి చెప్పింది.

"షుగర్ పేషెంట్లకు ఇచ్చే ఒక ఇంజెక్షన్ ఉంది సార్. ఆకలి తగ్గిస్తుంది. తిండి మీద యావను తగ్గించినట్టే ఈ బిళ్ళల మీద యావను కూడా తగ్గిస్తుందేమోనని పరీక్ష చేస్తున్నాం. మీ నాలుక కింది మాత్ర అలాగే ఉంటుంది, దానికి తోడు ఇది. మీకు ఇష్టమైతేనే."

"నాకు షుగర్ లేదమ్మా."

"లేదు సార్, తెలుసు. ఇంకొకటి. కొంతమందికి అసలు మందు వేస్తాం, కొంతమందికి మందు లేని ఉత్త నీళ్ళలాంటిది. ఎవరికి ఏది అన్నది మీకు తెలియదు."

"మీకు?"

"నాకూ తెలియదు."

సారు నావైపు తిరిగాడు. "చూశావుట్రా ఎనిమిదీ! పరీక్ష పెట్టేవాళ్ళకే జవాబు తెలియని పరీక్ష. నువ్వు తొందరపడి చదువు మానేశావు. ఇలాంటిదైతే నువ్వూ పాసయ్యేవాడివి."

డాక్టరమ్మ నవ్వింది. సారు కాగితాలన్నీ నిదానంగా చదివి, అర్థం కానిచోటల్లా అడిగి సంతకం పెట్టాడు.

గొడవ సూది గదిలో మొదలైంది. నర్సు పెన్నులాంటి సూది ఒకటి సారు పొట్టకు ఆనించి తీసింది. తలుపు సగం తెరిచి ఉంది. వరండాలో తన షుగర్ డాక్టరు కోసం ఎదురుచూస్తూ, ఎవరు? చర్చి సంఘ పెద్ద. మనిషి మంచివాడే. కానీ ఒక సంగతి తెలిస్తే పదిమందికీ పంచేదాకా ఆయనకు అన్నం అరగదు.

"మాస్టారూ! నేను వేసుకునే సూదే ఇది! మీకూ షుగరా?"

సారు నన్ను చూశాడు. నేను గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మను చూశాను.

"అవునండీ" అన్నాడు సారు.

సంఘ పెద్ద ముఖంలో ఆ వెలుగు చూడాలి! పరాయి ఊళ్ళో సొంత వాడకట్టు మనిషి దొరికినట్టు సారును కావలించుకున్నాడు. "ఫాస్టింగ్ ఎంత? తిన్నాక ఎంత?" అని అడిగాడు. సారు నోటికొచ్చిన అంకె చెప్పాడు. "అబ్బో, నాకంటే ఎక్కువే!" అని ఆయన గౌరవంగా తల ఊపాడు.

మా దగ్గర షుగర్ అంటే రోగం కాదు, హోదా. ఇద్దరు పెద్దమనుషులు కలిస్తే పిల్లల ర్యాంకులు చెప్పుకున్నట్టు షుగర్ అంకెలు చెప్పుకుంటారు. షుగర్ ఉందంటే బాధ్యతలు మోసినవాడని, టెన్షన్లు పడ్డవాడని, తిని బతికిన ఇంటివాడని లెక్క. ఎవరికైనా షుగర్ వస్తే అయ్యో అనే ముందు "మాకూ ఉంది" అంటారు. అదే బిళ్ళల అలవాటు ఉందనండి, పక్కింటివాళ్ళు బట్టలు ఆరేసే తీగ కూడా మీ గోడ మీంచి విప్పేసుకుంటారు. పాపం ఆయన ఒక రోగాన్ని దాచలేదు, దానికి మర్యాదైన పేరు పెట్టుకున్నాడు అంతే.

కానీ మర్యాద ఊరికే రాదు. మరుసటి ఆదివారం నుంచి చర్చిలో సారుకు చక్కెర లేని టీ. విందులో "మాస్టారికి స్వీటు వద్దు, పాపం" అని ఆయన చేయి చాచకముందే పళ్ళెం పక్కకు లాగేసేవారు. ఒకరు మెంతులు నానబెట్టి పంపారు, ఒకరు రాగిజావ. సంఘ పెద్ద స్వయంగా పొద్దున్నే కాకరకాయ రసం తెచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేవాడు. రక్తంలో చక్కెరకు ఏ లోటూ, ఏ ఎక్కువా లేని మనిషి, పరువు కోసం కాకరకాయ రసం తాగి, "బాగుందండీ" అనేవాడు.

"ఒరేయ్, ఈ రసం తాగడం కంటే నిజం చెప్పెయ్యడమే తేలికనిపిస్తోందిరా" అన్నాడు ఒకరోజు స్కూటర్ వెనక నుంచి.

"చెప్పేయుండ్రి సార్."

"అది వేరే పీరియడ్."

నాకేమో ఆ సూదిలో ఉన్నది మందో నీళ్ళో తెలుసుకోవాలని దురద. డాక్టరమ్మకే తెలియనిది నేను కనిపెట్టాలని ఆస్పత్రి నుంచి వస్తూ ఆయన్ని బిర్యానీకి తీసుకెళ్ళాను. సగం తిని పక్కన పెట్టేశాడు. "మందే! పక్కా మందే!" అని హోటలంతా వినబడేలా అరిచాను. మళ్ళీ వారం అదే హోటలు. ఈసారి తనది తిని, నా పళ్ళెంలోకి చూశాడు. అయితే నీళ్ళే. "మరి పోయిన వారం ఎందుకు తినలే సార్?" అంటే, "ఆ రోజు బిర్యానీ బాగాలేదురా" అన్నాడు. నా పరిశోధన అక్కడితో ఆగిపోయింది. ఎనిమిదో తరగతి సైన్సు అంతకంటే దూరం రాదు.

కానీ ఏదో మారింది. ఒకసారి సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కనే మందుల షాపు, ఆయన పాత అడ్డా. నేను అద్దంలో ఆయన ముఖం చూస్తున్నాను. ఆయనకు అది తెలిసింది.

"ఇన్నాళ్ళూ తలలో ఎవరో రేడియో పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోయినట్టుండేదిరా. పొద్దున్నించీ ఒకటే గోల, బిళ్ళ, బిళ్ళ అని. ఇప్పుడు సౌండ్ తగ్గింది. ఎవరు తగ్గించారో తెలియదు. నాలుక కిందదా, సూదా, మీ ఆంటీయా."

సిగ్నల్ పడింది. వెనక నుంచి రెండు వేళ్ళు నా వీపుకు ఆనాయి. చాలా రోజులకు. నేను నిటారుగా అయిపోయాను. ఆయన చెయ్యి తీసేస్తాడేమోనని బండి మెల్లగా పోనిచ్చాను.

అంతా బాగానే నడిచేది, చర్చిలో ఆరోగ్య శిబిరం పెట్టకపోతే. వేలు గుచ్చి షుగర్ చూస్తున్నారు. సంఘ పెద్ద సారు చెయ్యి పట్టుకుని వరసలో ముందు నిలబెట్టాడు. సారు తప్పించుకోబోయాడు, కుదరలేదు. నార్మల్ వచ్చింది. మళ్ళీ గుచ్చారు, మళ్ళీ నార్మల్.

సూది వేసుకునే మనిషికి షుగర్ తగ్గితే, సూది వల్ల తగ్గిందని అనుకోవాలి. సంఘ పెద్ద అంత చిన్న ఆలోచన చేసే మనిషి కాదు. ఆయన తన ప్రార్థన కూటంలో వారం వారం సారు షుగర్ కోసం మోకాళ్ళ మీద ప్రార్థించాడు. మైకు అందుకుని, "మన మాస్టారి షుగర్ వ్యాధిని ప్రభువు పూర్తిగా తీసివేశాడు! వచ్చే ఆదివారం మాస్టారు సాక్ష్యం చెబుతారు!" అని ప్రకటించాడు. సాక్ష్యం అంటే, దేవుడు చేసిన మేలును అందరి ముందూ లేచి చెప్పుకోవడం. సారుకు చేసిన మేలేమిటో సంఘ పెద్దే నిర్ణయించేశాడు.

"ఏం జేస్తరు సార్?" అన్నాను.

"రెండు ముక్కలు చెప్పి కూర్చుంటానురా. స్తోత్రం, వందనాలు. ఎవరికి నష్టం?"

ఎవరికి నష్టమో ఆ వారం మధ్యలో తెలిసింది. సారు కొట్టులో ఉండగా పెద్దమ్మ వచ్చింది, హాస్టల్ వంట పెద్దమ్మ. ఆవిడది అసలైన షుగర్. పాదం మీద పుండు పడి చాలా రోజులైంది, గుడ్డ చుట్టి ఉంది. షుగర్ అదుపు తప్పితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడని కాలనీ అందరికీ తెలుసు. మెట్టు ఎక్కి కూర్చుని, సంతోషంగా చెప్పింది.

"మాస్టారూ, నేనుసుత సూది బంద్ వెట్టిన."

సారు చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "ఏం సూది అక్కా?"

"ఇన్సులిన్. మీకు పోలే? నాకెందుకు పోదు? మీ లెక్కనే ప్రార్థన చేస్తున్న. పెద్దాయన మైకుల చెప్పిండు గద."

"అక్కా, మానొద్దు. నీది వేరు, నాది వేరు."

"షుగరంటే షుగరే గద మాస్టారూ, మీదేమన్న దొరల షుగరా?"

"డాక్టరు చెప్పాడు కదా, కాలు..."

"డాక్టరు చెప్పిండు. పెద్దాయన మైకుల చెప్పిండు. మీరు ఆదివారం చెప్తరు. ముగ్గుర్ల ఇద్దరు దేవుని దిక్కే ఉన్నరు." లేచి, కుంటుకుంటూ, పాట పాడుకుంటూ వెళ్ళిపోయింది.

సారు గ్లాసు కింద పెట్టాడు. నిజం చెప్తే ఏం పోతుందో ఆయనకు తెలుసు. చర్చి ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే పాఠం పోతుంది, బడిలో సంపాదించిన పేరు పోతుంది, రేపటి నుంచి ఆంటీని కూడా జనం ఒకలా చూస్తారు. చెప్పకపోతే పెద్దమ్మ కాలు పోతుంది.

"ఆమె ఒక్కదానికి చాటుకు చెప్పుండ్రి సార్. ఊరంతటికి ఎందుకు?"

"మైకులో ఎక్కించింది చాటున దిగదురా" అన్నాడు.

ఆంటీతో ఏం మాట్లాడుకున్నాడో నాకు తెలియదు. ఆదివారం ఆవిడ ఎప్పుడూ కూర్చునే చివరి బెంచీ వదిలి, ముందు వరసలో వచ్చి కూర్చుంది. నేను చర్చి మనిషిని కాను, గుడికి కూడా పెద్దగా వెళ్ళేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పాలో వద్దో తెలియక గుమ్మం దగ్గర కాసేపు తచ్చాడి, వెనక కూర్చున్నాను.

సారు లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. "నాకు షుగర్ లేదు" అన్నాడు.

"హల్లెలూయ!" అని చర్చి మారుమోగింది.

"అసలెప్పుడూ లేదు."

అలవాటు ప్రకారం అక్కడక్కడా "స్తోత్రం" వినిపించింది. సంఘ పెద్ద పైకెత్తిన చెయ్యి మాత్రం గాలిలో ఉండిపోయింది.

"నేను మత్తు బిళ్ళలు మింగాను. నడుము నొప్పికి మొదలుపెట్టి, నొప్పి పోయాక కూడా మింగాను. మీ పిల్లలకు పాఠం చెప్పిన ఆదివారాల్లో కూడా అవి నా జేబులో ఉన్నాయి. సాయంత్రాలు నేను నడిచింది వాటికోసమే."

ఎవరో మైకు ఆపేశారు. పాపం, ఆ గొంతు మైదానం ఆ చివర ఉన్న గోల్‌కీపర్‌కు వినిపించిన గొంతని వాళ్ళకు గుర్తులేదు. సారు మైకు పక్కకు జరిపి కొనసాగించాడు.

"ఇప్పుడు మందు వాడుతున్నాను. నాలుక కింద మాత్ర. దానికి తోడు షుగర్ వాళ్ళ సూది ఈ అలవాటుకు పనిచేస్తుందా అని నామీద పరీక్ష చేస్తున్నారు. నాకు వేస్తున్నది మందో నీళ్ళో నాకు తెలియదు, డాక్టరుకు తెలియదు. దేవుడు నన్ను బాగు చెయ్యడం లేదని నేను అనను. ఏ దారిన చేస్తున్నాడో నాకు తెలియదు, మన పెద్దగారికీ తెలియదు. హాస్టల్ అక్కా, ఎక్కడున్నావు? నీది నిజం షుగర్, నాది అబద్ధం షుగర్. నన్ను చూసి నువ్వు సూది మానొద్దు. ఇంటికెళ్ళగానే వేసుకో."

వచ్చి ఆంటీ పక్కన కూర్చున్నాడు. ఆంటీ ఆయన వైపు తిరగలేదు కానీ, తన పాటల పుస్తకం ఆయనకు కూడా కనబడేలా మధ్యలోకి జరిపింది. పాస్టరుగారు, నిజంగా మంచి మనిషి, గొంతు సవరించుకుని అందరినీ పాటకు లేవమన్నారు. ఆ పాట అంత మెల్లగా ఎవరూ పాడి ఉండరు.

బయట సంఘ పెద్ద సారును చెట్టు కిందికి తీసుకెళ్ళాడు. "మాస్టారూ, షుగర్ అని ఊరుకుంటే ఏం పోయింది? మీకు గౌరవం, మాకు సాక్ష్యం. ఎవరికి నష్టం చెప్పండి?"

"అక్క కాలికండీ" అన్నాడు సారు.

తర్వాత జరిగినవన్నీ చాలా మర్యాదగా జరిగాయి. ఆయన ఆరోగ్యం దృష్ట్యా పిల్లల పాఠం నుంచి విశ్రాంతి ఇచ్చారు. కాకరకాయ రసం రావడం మానేసింది. టీలో చక్కెర మళ్ళీ పడింది. నిన్నటిదాకా ఫాస్టింగ్ ఎంత, తిన్నాక ఎంత అని వెంటపడినవాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారని కూడా అడగలేదు. ఆయన్ని చూసి బూట్లు కొనుక్కున్న ఇద్దరూ నడక దారి మార్చుకున్నారు.

పెద్దమ్మ మాత్రం ఆయన ఊహించినట్టు సూది వేసుకోలేదు. మర్నాడు పొద్దున నేనే స్కూటర్ మీద ఆయన్ని వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"మీ మాట నమ్మి బంద్ వెట్టిన. మళ్ళ మీ మాటే నమ్మి షురూ జెయ్యాల్నా? ఏ మాట నమ్మాలె? బిళ్ళలు మింగెటోని మాట ఎవడన్న నమ్ముతడా?"

సారు మెట్టు మీద కూర్చున్నాడు. అప్పటికి నాలుక కింది మాత్రలు ఇంటికిచ్చి పంపే దశకు వచ్చాడు. జేబులోంచి ఒకటి తీశాడు. "నమ్మొద్దక్కా. చూడు. రోజూ నీ ముందే పెట్టుకుంటాను. నా ముందు నువ్వు సూది వేసుకో. నేను ఎగ్గొడితే నువ్వూ ఎగ్గొట్టు."

పెద్దమ్మ ఆ మాత్రను అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చింది. "నోరు తెరువుండ్రి. నాలుక లేపుండ్రి. ఆఁ, గిప్పుడు మూయుండ్రి."

నోరు మూయించాక ఆవిడకు అర్థమైంది, మాత్ర కరిగేదాకా ఈ మనిషి జవాబు చెప్పలేడని. ఇక మొదలుపెట్టింది. తన వాటాలోంచి తిన్న కోడికూర దగ్గర నుంచి, ఆంటీ ముఖం చూడడానికి సిగ్గు లేదా అన్నదాకా, మధ్యలో నన్ను కూడా కలుపుకుని, అలుపు లేకుండా తిట్టింది. సారు బుగ్గలు బిగించి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, డ్రిల్లులో మేము నిలబడినట్టు కూర్చున్నాడు. మాత్ర కరిగింది. ఆవిడ ఊపిరి తీసుకుంది.

"గింత సేపు తిట్టిన, ఆకలైతుంది. తినాలంటే సూది వేసుకోవాలె గద" అని లోపలికెళ్ళి సూది తెచ్చుకుంది.

అది రోజువారీ పని అయింది. పొద్దున్నే సారు ఆ మెట్టు మీద నోరు తెరిచేవాడు, పెద్దమ్మ పరీక్షించేది, తిట్టేది, సూది వేసుకునేది. "ఇన్నేళ్ళలో నేను తిట్టలేకపోయినవన్నీ ఆవిడ తిడుతోంది, నాకొక పని తగ్గింది" అంది ఆంటీ. మెల్లగా పుండు మానింది. కాలు నిలిచింది. ఆయన మళ్ళీ ఆ బిళ్ళల జోలికి పోలేదు. సాయంత్రం నడక మాత్రం మానలేదు. ఈసారి నిజంగా నడకకోసమే. మెచ్చుకునేవాళ్ళు మాత్రం లేరు.

పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున, నిద్రలోనే, గుండె ఆగి పోయాడు. సూదిలో ఉన్నది మందో నీళ్ళో ఇప్పటికీ మాకు తెలియదు. అందరి పరీక్షలూ అయ్యాక చెప్తారట. ఆంటీ అడగొద్దంది.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. సూది పక్కన పెట్టుకుని, వేసుకోకుండా మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఏసుకో పెద్దమ్మా. నేనున్న గద, చూస్త."

"నువ్వేం మింగుతవ్?"

"నేనేం మింగను."

"మరి నువ్వు నాకేం జూపిస్తవ్? ఉత్తగ కూసొని చూసెటోనికి నేనెందుకు జూపియ్యాలె?"

ఆ రోజు ఎలాగో కాళ్ళు పట్టుకుని వేయించాను. తిరిగి వస్తూ, ఆవిడ మాట మనసులో పడి, ఊరికే దారిలో షుగర్ పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాను. రిపోర్టు చూసి డాక్టరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఉంది. ఎవరూ కాదనలేని, అచ్చమైన షుగర్. మాత్రలు రాశాడు.

నాకూ హోదా వచ్చిందని చర్చి ముందు సంఘ పెద్ద కనిపిస్తే ఆగి చెప్పాను. ఆయన అటూ ఇటూ చూశాడు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, చాలా జాలిగా అడిగాడు. "నిజం చెప్పు బాబూ. ఏ బిళ్ళలు?"

మా మెట్టుగూడలో షుగర్ పరువు అలా పోయింది. నమ్మింది పెద్దమ్మ ఒక్కతే. మర్నాడు పొద్దున నా మాత్రను అటూ ఇటూ తిప్పి చూసి చేతిలో పెట్టింది. నేను నోట్లో వేసుకుని, నీళ్ళు పోసుకుని గుటుక్కున మింగాను. తిట్టడానికి నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే ఉండిపోయింది.

"గింత జల్దిన మింగితే ఎట్లరా?" అంది. "ఆయనైతే కరిగెదాక కూసునెటోడు." కాసేపు వీధి వైపు చూసింది, తర్వాత సూది అందుకుంది.